పై గది నీరు – క్రింది గది తడి

పాఠ్యభాగములు: లేవీయకాండము 14:33–53, ద్వితీయోపదేశకాండము 22:8, యెహెజ్కేలు 13:10–15, మత్తయి 5:23, 24. ఈ భాగములను ఇంటివారందరు కూడి ముందుగా చదువుకొని, పిమ్మట ఈ పాఠమును చదువుడి.



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొనిన సంగతి కొందరికి అల్పముగా తోచవచ్చును. మేడమీది స్నానపు గది నుండి నీరు క్రింది గదిలోనికి దిగుచున్నప్పుడు, అది ఎక్కడ నుండి వచ్చుచున్నదో కనుగొనుట ఎట్లు? ఇది తాపీమేస్త్రీ పని గదా, సంఘ పత్రికలో దీనికేమి చోటు అని అడుగువారుందురు. అయితే ఇంటి గోడమీది మచ్చను గూర్చి దేవుడు మోషే అహరోనులతో మాటలాడెను. లేవీయకాండము 14వ అధ్యాయములో ఇరువదియొక్క వచనములు గోడలకే ఇయ్యబడినవి. ఆ దినమున ఇశ్రాయేలీయులకు ఇండ్లే లేవు, గుడారములలో నుండిరి. కనానులో వారు కాపురముండబోవు ఇండ్ల గోడలను గూర్చి దేవుడు ముందుగానే చింతించెను. అట్టి దేవుడు మన యిండ్ల గోడలను విడిచిపెట్టునా?

మన గుంటూరు, ప్రకాశము ప్రాంతపు మెట్ట పల్లెలలో మన తాతల కాలమున ఈ చిక్కు తెలియదు. నీరు దూరపు బావి నుండియో చెరువు నుండియో బిందెలతో మోసి తెచ్చుకొనునది. స్నానము దొడ్డిలో తడిక చాటున. 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేయబడిన నాగార్జునసాగరము నుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు పారిన చోట్ల పైరులు మారెను. మిరప, ప్రత్తి కలిసివచ్చిన యేట పూరిండ్లు పోయి స్లాబు ఇండ్లు లేచెను. కరెంటు మోటారు నీటిని మేడపై ట్యాంకునకు ఎక్కించెను. కుమారులకు పెండ్లిండ్లు కాగా క్రింద ఒక వాటా, పైన ఒక వాటా అయ్యెను. మునుపు నెత్తిన మోసిన నీరు ఇప్పుడు మన నెత్తిపైననే కాపురమున్నది. ఇది దేవుని మేలే, సందేహము లేదు. కాని నీరు వచ్చుటకు త్రోవ ఎంత అవసరమో, పోవుటకును అంతే అవసరము.

1. ధర్మశాస్త్రము చూపిన క్రమము

లేవీయకాండములోని ఇంటి పొడ మన గోడల చెమ్మయేనని మేము చెప్పము. అయినను దానిని వెదకుటకు దేవుడు నియమించిన క్రమములో అయిదు మెట్లు కలవు. అవి మనకును పనికివచ్చును.

మొదటిది, ఇంటి యజమానుడు తానే యాజకుని యొద్దకు వచ్చి, తన యింట పొడవంటిది తనకు అగపడినదని తెలుపవలెను (35వ వచనము). ఫలానిదేనని అతడు తీర్పు చెప్పరాదు. యూదుల మిష్నా గ్రంథములో ఈ మాటను గూర్చి ఒక వివరణ కలదు. యజమానుడు గొప్ప పండితుడై, అది పొడయేనని నిశ్చయముగా ఎరిగినవాడైనను, పొడవంటిది అనియే చెప్పవలెను.

రెండవది, యాజకుడు లోనికి రాకమునుపే సామాను బయట పెట్టవలెను (36వ వ.). ఇల్లు అపవిత్రమని తేలినచో సామానును అపవిత్రమగును గనుక, బీదవాని కుండలు, చాపలు నష్టపడకుండునట్లు దేవుడు ఈ కనికరము చూపెను.

మూడవది, మచ్చ పైపైన ఉన్నదా, గోడలోనికి దిగినదా అని చూచి, ఏడు దినములు ఆగి మరల చూడవలెను (37–39).

నాలుగవది, మచ్చ వ్యాపించిన యెడల చెడిన రాళ్లను ఊడదీసి, గోడ గీయించి, వేరు రాళ్లు, వేరు అడుసు పెట్టవలెను (40–42). మొదటనే ఇల్లంతయు పడగొట్టుమని చెప్పలేదు.

అయిదవది, మరమ్మతు ముగిసిన పిమ్మట యాజకుడు మరల వచ్చి చూడవలెను (43–48). చూడక పవిత్రమనరాదు.

2. మచ్చ ఉన్న చోటు వేరు, లోపమున్న చోటు వేరు

క్రింది గది కప్పుమీద మచ్చ కనబడగానే, దానికి సరిగా పైనున్న టైలును పగులగొట్టించుట మన అలవాటు. ఇది తొందరపాటు. నీరు స్లాబులో సన్నని సందు దొరికిన దారిని ప్రాకును. కరెంటు తీగలకై స్లాబులో వేసిన గొట్టములో పడి, ఆ గొట్టము వెంబడి నడిచి, ఫ్యాను కొక్కెము యొద్ద చుక్కగా దిగును. స్నానపు గది ఈశాన్యమున నుండగా మచ్చ గది నడుమ పడవచ్చును.

చుక్కను తక్కువగా ఎంచవద్దు. ఇరువది చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కించినను, సెకనుకు ఒక్క చుక్క దినమునకు 4 లీటర్లకు పైగా అగును. నెలకు దాదాపు 130 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు ఎనిమిదికి పైగా. ఆ నీరు స్లాబులోని ఇనుప కడ్డీలను చేరిన యెడల త్రుప్పు పుట్టును. త్రుప్పు ఇనుముకంటె రెండు మూడింతలు, అంతకన్న ఎక్కువ చోటు ఆక్రమించును గనుక సిమెంటును లోపలనుండి నెట్టును. అప్పుడు పెచ్చులు ఊడి పడును. క్రింద మిరప బస్తాలున్న యెడల ఆ నష్టము వేరు. తడి తగిలిన కాయ బూజు పట్టును. కొన్ని బూజులు అఫ్లాటాక్సిను అను విషమును పుట్టించును. మరల ఎండబెట్టినంత మాత్రమున ఆ విషము పోదు.

3. వెదకు విధము

ఆకాను సంగతిలో యెహోషువ జనులందరిని ఒక్కసారి పట్టుకొనలేదు. మొదట గోత్రము, తరువాత వంశము, తరువాత కుటుంబము, కడపట మనుష్యుడు (యెహోషువ 7:14–18). నీటిని వెదకుటయు అట్లే. ఒక దినమున ఒక్కటే పరీక్షింపవలెను. రెండింటిని కలిపిన యెడల ఏది కారణమో తెలియదు.

అన్నిటికంటె ముందు, సామాను తీసివేయుడి. ఆ గది కరెంటును మెయిను యొద్ద ఆపుడి. తడిసిన కప్పు క్రింద ఫ్యాను గాని లైటు గాని వేయరాదు. పూత ఉబ్బి క్రిందికి వ్రేలాడుచున్న యెడల దాని క్రింద పిల్లలను పండుకొననియ్యవద్దు.

తరువాత మచ్చ చుట్టు పెన్సిలుతో గీత గీసి, ప్రక్కన తేదీ వ్రాయుడి. దినదినము చూడుడి. గీత దాటినదా? ఎప్పుడు దాటినది? వాన కురిసిన దినముననే పెరిగిన యెడల అది స్నానపు గది నీరు కాకపోవచ్చును. మేడ కప్పునో వెలుపలి గోడనో చూడవలెను. రాత్రింబగళ్లు ఒకే తీరున కారిన యెడల కుళాయి పైపును అనుమానింపవలెను. స్నానములైన కొన్ని గంటలకు పెరిగిన యెడల నేలను గాని, నీరు పోవు గొట్టమును గాని చూడవలెను.

మొదటి పరీక్ష, వచ్చు నీటిది. రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, ఇంటిలోని కుళాయిలన్నియు కట్టివేసి, నీటిమట్టము గుర్తుపెట్టుడి. తెల్లవారునప్పటికి మట్టము తగ్గిన యెడల ఎక్కడనో పైపు గాని కుళాయి గాని కారుచున్నది. పిమ్మట స్నానపు గదికి పోవు వాల్వు ఒక్కదానిని కట్టి చూడుడి. క్రింద చుక్క ఆగిన యెడల లోపము ఆ వాల్వుకు ఇవతల, గోడలోని పైపులో నున్నది.

రెండవ పరీక్ష, పోవు నీటిది. నేల తడవకుండ, జాలీ తీసి, గొట్టములోనికే నాలుగైదు బకెట్లు మెల్లగా పోయుడి. మరుగుదొడ్డి ఉన్న యెడల దానిలో వేరొక దినమున పోయుడి. బట్టలకు వాడు ద్రవ నీలిమందు కొంచెము కలుపవచ్చును. క్రింద నీలిరంగు కనబడిన యెడల సందేహము తీరినది. కనబడనంత మాత్రమున గొట్టము మంచిదని చెప్పరాదు. సిమెంటు రంగును పట్టి, వట్టి నీటిని విడుచుట కలదు.

మూడవ పరీక్ష, నేలది. ప్లాస్టిక్ సంచిలో తడిగుడ్డ చుట్టి తూమును గట్టిగా మూయుడి. గడప యొద్ద చిన్న కట్ట వేసి, నేలపై అంగుళము నీరు నిలిపి, ఇరువదినాలుగు గంటలు ఉంచుడి. ఆ దినమున ఎవరును అక్కడ స్నానము చేయరాదు. క్రింద చెమ్మ క్రొత్తగా పుట్టిన యెడల నేలలో లోపమున్నది.

నాలుగవ పరీక్ష, గోడలది. తూము తెరచి, గోడ టైళ్లమీద నీరు చల్లి చూడుడి. టైళ్ల సందులలోని తెల్ల సిమెంటు రాలిన చోట నీరు గోడలోనికి పోవును.

ప్రతి పరీక్షకు నడుమ ఒక దినమైనను ఆరనియ్యవలెను. నిన్నటి చెమ్మను నేటి సాక్ష్యముగా తీసికొనరాదు.

4. ఒక యింట జరిగినది

మేము ఎరిగిన ఒక కుటుంబములో అన్నకు క్రింది వాటా, తమ్మునికి పై వాటా వచ్చెను. అన్న గదిలో ధర కొరకు నిలిపియుంచిన మిరప బస్తాలుండెను. వాటిపై నీరు దిగెను. మూడు బస్తాలు నల్లబడెను. పైన మరదలు లెక్కలేకుండ నీళ్లు గుమ్మరించుచున్నదని క్రిందివారు అనిరి. అది వాననీరనియు, తమ గది మూడేండ్ల క్రిందటనే టైళ్లు వేయించినదనియు పైవారు అనిరి. అన్న రెండుమారులు సున్నము వేయించెను; రెండుమారులును మచ్చ తిరిగి పైకి వచ్చెను. కడకు ఒకే బల్లయొద్ద ప్రభు సంస్కారము పుచ్చుకొనుటకు ఇద్దరును మానిరి. ఒకరు వచ్చిన ఆదివారము మరియొకరు రారు.

మేము వెళ్లి ఇద్దరిని కూర్చుండబెట్టి, తప్పు ఎవరిదని అడుగలేదు. నీరు ఎక్కడిదని అడిగితిమి. మొదటి పరీక్షలో ట్యాంకు మట్టము తగ్గలేదు. రెండవ పరీక్షలో గొట్టమున పోసిన నీరు క్రింద కనబడలేదు. మూడవ దినమున నేలపై నీరు నిలుపగా, దాదాపు పది గంటలకు ఫ్యాను కొక్కెము యొద్ద చెమ్మ పుట్టెను. అప్పుడు తమ్ముడు చేనిలో మడి కట్టునట్లు బంకమట్టితో నేలను రెండు భాగములు చేసి, ఒక్కొక్క భాగమున ఒక్కొక్క దినము నీరు నిలిపెను. తూము ఉన్న భాగమున నీరు నిలిచిన దినమున క్రింద పొడిగానే ఉండెను. అవతలి భాగమున నిలిపిన దినమున చెమ్మ వచ్చెను. ఆ మూల టైలు తీసి చూడగా, గోడయు నేలయు కలియు చోట జానెడు పొడవున వెండ్రుకంత బీట కనబడెను.

ఆ బీట ఎట్లు వచ్చెను? ఆ ఇల్లు నల్లరేగడిపై కట్టబడినది. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. పునాది లోతు చాలని యింట ఆ కదలిక గోడకు ఎక్కును. మేస్త్రీ ఆ మూల వరకు టైళ్లు వేసెనే గాని, వాటి క్రింద నీరు దిగకుండ వేయవలసిన పూతను గోడపైకి మడువలేదు. ఆ బీట మరదలు చేసినది కాదు, అన్న ఊహించినదియు కాదు.

ఆ మూల త్రవ్వించి, బీట పూడ్చి, నీరు ఇంకని పూతను నేలయంతట పూసి, గోడపైకి ఒక అడుగు ఎత్తు వరకు తిప్పి, తూమువైపునకు వాలు పెట్టించిరి. టైళ్లు వేయకమునుపే మరల ఒక దినము నీరు నిలిపి చూచిరి. క్రింద చెమ్మ రాలేదు. ఖర్చు తమ్ముడు పెట్టుకొనెను. పని జరిగిన దినములన్నియు పైవారు క్రింది వాటాలోనే స్నానములు చేసిరి. ఆ నీళ్లు కాచి ఇచ్చినది వదినగారే. మూడు బస్తాల నష్టము పోయినదే. దానిని ఎవరును తిరిగి ఇయ్యలేదు, అడుగలేదు. తరువాతి సంస్కారపు ఆదివారమున ఇద్దరును వచ్చిరి.

5. పైనున్నవానికి ఆజ్ఞ

ఖర్చు తమ్ముడెందుకు పెట్టవలెను, తప్పు అతనిది కాదు గదా అని కొందరు మమ్మును అడిగిరి. ద్వితీయోపదేశకాండము 22:8 చూడుడి. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. లేనియెడల ఎవడైన పడి చచ్చిన దోషము ఆ యింటిమీదికి వచ్చును. పడినవాడు జాగ్రత్తగా నడువవలసినదని అక్కడ చెప్పబడలేదు. మిద్దె ఎవని చేతిలోనున్నదో వానికే ఆజ్ఞ ఇయ్యబడెను. దోషము వేరు, బాధ్యత వేరు. బీట తమ్ముడు చేయలేదు. అయినను నేల అతని చేతిలోనున్నది గనుక బాగుచేయు పని అతనిదే.

పైనున్నవానికి ఒక కష్టము కలదు: తన నీరు తనకు కనబడదు. అతని గది శుభ్రముగానే ఉండును. తడి క్రిందివానికే తెలియును. కావున క్రిందివాడు చెప్పినప్పుడు పైవాడు ముందు మెట్లు దిగి వచ్చి, కన్నులతో చూడవలెను. ఇది ఇండ్లకు మాత్రమే కాదు. యజమానుడు, పెద్ద, ఉపాధ్యాయుడు, కాపరి, వీరందరు ఎవరికో ఒకరికి పై గదిలో నున్నవారే. కూలివాని ఇంట పొయ్యి వెలుగలేదన్నను, పిల్లవాడు బడి మానెనన్నను, విధవరాలు కూటములకు వచ్చుట లేదన్నను, మచ్చ అక్కడ కనబడుచున్నది. నీరు ఎక్కడ దిగుచున్నదో వెదకక, మచ్చపడినవానినే గద్దించుట న్యాయము కాదు.

క్రిందివానికిని ఒక మాట. లేవీయకాండపు యజమానునివలె, నాకు ఇట్లు కనబడుచున్నది అని చెప్పుడి. నీవు చేసితివని మొదలుపెట్టవద్దు. ఆ ఒక్క మాటతో మూయబడిన తలుపులు అనేకము. మరియు సున్నము వేసి ఊరకుండవద్దు. బలములేని గోడకు పైపూత పూసినవారిని గూర్చి యెహెజ్కేలు 13వ అధ్యాయమున ప్రభువు కఠినముగా పలికెను. వాన వచ్చినప్పుడు ఆ గోడ పడునని చెప్పెను. క్రిందనుండి వేసిన పూత నీటిని ఆపదు, మచ్చను దాచును, అంతే. దాచిన దినములన్నియు ఇనుము త్రుప్పు పట్టుచునే యుండును. సమాధానము సమాధానమని నోటితో పలికి, లోపల వైరము దాచుకొను ఇంటికిని ఇదే గతి. మరమ్మతైన తరువాతనైనను కొన్ని వారములు గోడను బాగుగా ఆరనిచ్చి, పెన్సిలు గీత కదలలేదని చూచి, పిమ్మటనే రంగు వేయుడి.

ప్రియులారా, బలిపీఠము యొద్ద అర్పణము విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు సెలవిచ్చెను. ఆయన మాటలో ఒక సంగతి గమనింపుడి. నీకు అతనిమీద కోపమున్న యెడల అని కాదు, అతనికి నీమీద ఏమైన నున్నదని జ్ఞాపకము వచ్చిన యెడల అని చెప్పెను. అనగా తడి అతని గదిలోనిది. వెళ్లవలసిన కాళ్లు మనవి. ఈ నెల సంస్కారమునకు రాకమునుపు, మన క్రింద ఎవరి గది తడియుచున్నదో ఒక్కసారి మెట్లు దిగి చూతము.

ఇంటి కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యాజకుడు రాకమునుపే సామాను బయట పెట్టవలెనను ఆజ్ఞలో దేవుని కనికరము ఎట్లు కనబడుచున్నది?

2. నాకు ఇట్లు కనబడుచున్నది అనుటకును, నీవు చేసితివి అనుటకును ఉన్న భేదమును మీ యింటి మాటలలో చూపుడి.

3. దోషము లేకయు బాధ్యత ఉండు సంగతులు మన ఊరిలో, మన సంఘములో ఏవి?

4. మన సంఘములో సున్నము వేసి దాచిన మచ్చ ఏదైన కలదా? దానిని వెదకుటకు మొదటి పరీక్ష ఏది?

ప్రార్థన: ప్రభువా, మాకు కనబడని మా లోపమును వెదకి చూపుము. మాచేత నష్టపడినవారు మాతో చెప్పుటకు వచ్చినప్పుడు, వారి మాట వినుటకు మాకు సహనమును, వారి గదిలోనికి దిగి చూచుటకు వినయమును, బాగుచేయుటకు చేతులను దయచేయుము. ఆమేన్.